ఈశాన్యానికి పారిన ఫ్రిజ్జు నీళ్ళు

మొన్న మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పై అంతస్తు అమ్మాయి ఒక ఫోటో పెట్టింది. ఫ్రిజ్జు ముందు చిన్న మడుగు, ఆ మడుగులో తడిసి ముద్దయిన కాళ్ళపట్టా, కింద పొద్దున్నే లేచేసరికి ఇలా ఉందండీ అని రాసి ఒక ఏడుపు బొమ్మ. ఫ్రిజ్జులోంచి కారిన నీళ్ళకన్నా వేగంగా సలహాలు కారాయి. లోపల వెనకగోడలో నీళ్ళు దిగే కన్నం పూడుకుపోయి ఉంటుందని ఒకరు, అందులో వేడినీళ్ళు పొయ్యమని ఒకరు, తలుపు రబ్బరు సబ్బునీళ్ళతో తుడవమని ఇంకొకరు; ప్రతి సలహా చివరా ఒక దణ్ణం బొమ్మ. మధ్యాహ్నానికల్లా కన్నం శుభ్రమైంది, నీళ్ళు ఆగాయి, అందరికీ థాంక్సు చెప్పేసి ఆ అమ్మాయి తన ఆఫీసు పనిలో తాను పడిపోయింది.

ఫోను పక్కన పెట్టాను. ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు గాని, ఫ్రిజ్జు ఎందుకు కారుతోందని చూశారే తప్ప ఎవరివల్ల కారుతోందని ఒక్కరూ అడగలేదు. నా ఈడు ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నా ఆశ్చర్యం వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఉమ్మడి కాపురంలో ఏ వస్తువు పాడైనా లోపం వస్తువులో ఉండేది కాదు, కోడళ్ళలో ఉండేది. ఇద్దరు కోడళ్ళుంటే చిన్నకోడలిలో ఉండేది. నేను చిన్నకోడలిని.

మా మామగారిది కె. కోటపాడు వైపు చెరకు వ్యవసాయం. ఒంట్లో ఓపిక తగ్గాక భూమి కౌలుకిచ్చేసి, అనకాపల్లిలో రైలుకట్ట అవతల స్థలం కొని ఇల్లు కట్టించారు. ఇల్లు కట్టించారనడం కన్నా, ముందు వాస్తు కట్టించి తరవాత దానికి గోడలు పెట్టించారంటే సరిగ్గా ఉంటుంది. బరువు నైరుతిలో ఉండాలి, నీరు ఈశాన్యానికి పారాలి, దేవుడు ఈశాన్యంలో కూర్చోవాలి, పొయ్యి ఆగ్నేయంలో మండాలి. కోడళ్ళు ఏ మూల మండాలో మాత్రం ఏ శాస్త్రంలోనూ రాయలేదు గనక మేము ఇల్లంతా మండుతూ ఉండేవాళ్ళం. హాలు నేల పరిపించేటప్పుడు కూడా ఆయన మేస్త్రి పక్కనే కుర్చీ వేసుకు కూర్చుని, నైరుతి నుంచి ఈశాన్యానికి కంటికి ఆననంత వాలు పెట్టించారు. ఆ వాలు సంగతి కంటికి ఆనకపోయినా జారిపడ్డ ప్రతి శనగగింజకీ తెలుసు. అన్నీ దొర్లుకుంటూ వెళ్ళి దేవుడిగది గుమ్మం దగ్గర ఆగేవి.

ఇంట్లో అత్తగారూ మామగారూ కాక, బెల్లం మార్కెట్లో గుమాస్తాగా చేసే మా బావగారు, ఆయన భార్య అంటే నా తోడికోడలు, స్కూల్లో లెక్కల మాస్టారైన మా ఆయన, నేను. తోడికోడలన్న మాటలో తోడు ఉంది గాని, మా ఇద్దరి మధ్యా ఉన్న తోడల్లా పాలల్లో వేసేదొక్కటే. అదీ ఆవిడ వేస్తే గడ్డపెరుగు, నేను వేస్తే పులిసిన మజ్జిగ అని వీధిలో ప్రచారం. ప్రచారం చేసినదెవరో మీరు ఊహించగలరు. నేను ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను పిల్లా అని పిలిచేది. పిలుపుల్లో ఉన్న ఆ ప్రేమంతా పిలుపుల్లోనే అయిపోయేది, మాటల్లోకి వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు.

ఆవిడ పుట్టిల్లు వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఉప్మాక పక్కనే. ఆ వెంకన్న ఆవిడకి దేవుడే కాదు, పుట్టింటి తరఫు పెద్దమనిషి కూడా. ఏ తగువొచ్చినా ఆయన్ని తీసుకొచ్చి తన వైపు కూర్చోబెట్టుకునేది. నా పుట్టిల్లు సముద్రం వైపు. మాదీ వ్యవసాయమే, వరి పండించేవాళ్ళం, కాని మా పొలంగట్టు మీద నిలబడితే కెరటం చప్పుడు వినిపించేది, చేపలవేటకి వెళ్ళినవాళ్ళ ఆడవాళ్ళు మా వాకిట్లో గంప దింపని రోజు ఉండేది కాదు. నెత్తళ్ళ చేపలు వేగుతుంటే నాకు ఆకలి పుట్టేది, ఆవిడకి ముక్కు మీద కొంగు పుట్టేది. అలాగని ఆవిడ నీసు, అంటే చేపా మాంసం, ముట్టని మనిషి కాదు. ఆవిడ పట్టింపల్లా శనివారం. శనివారం పొద్దు పొడిచేసరికి ఇంట్లో ఏ మూలా నీసన్నది ఉండకూడదు. ఆ నియమం నాకూ సమ్మతమే, అత్తవారింటి ఆచారం కదా అని కాపురానికి వచ్చిన నాటి నుంచీ తు.చ. తప్పకుండా పాటించాను. పాటించినవాళ్ళ మీదే అనుమానాలు వస్తాయన్న లోకజ్ఞానం అప్పటికింకా నాకు రాలేదు.

అలాంటి ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చింది. ఒంటి తలుపుది, లేత ఆకుపచ్చ రంగు, తలుపుకి బీరువాకిలాగ తాళం. బరువైన వస్తువు గనక మామగారు దాన్ని హాల్లో నైరుతి మూల ఇనపస్టాండు మీద తూర్పుముఖంగా నిలబెట్టించారు. నెత్తిన లేసుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు, స్టాండు చుట్టూ అత్తగారు పాత పట్టుచీర అంచు కుచ్చులు పెట్టి కుట్టిన తెర. పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు, అదీ కొత్తకోడలిలాగే కొన్నాళ్ళు బుద్ధిగా ఉంది. ఆ తరవాత కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మొదలెట్టింది.

మొదటి మడుగు కనబడింది ఒక శనివారం పొద్దున్న. మడుగైతే ఇంత గొడవ ఉండేది కాదు, అది పాయ. ఫ్రిజ్జు తలుపు కింద నుంచి బయల్దేరి, పట్టు అంచు తడిపి, మామగారు పెట్టించిన వాలులో హాలు అడ్డంగా దాటి, దేవుడిగది గుమ్మం కింద చేరింది. తలకి పోసుకుని, చేతిలో పూలసజ్జతో వస్తున్న మా తోడికోడలు దాన్ని తొక్కింది.

"ఓలమ్మో, ఏటీ నీళ్ళు? నీసు కంపు! శనివారంపూట దేవుడి గుమ్మంలోకి నీసునీళ్ళు! గురువారం ఈవిడ పుట్టింటి నుంచి సేపలు రానేదేటి?"

వచ్చిన మాట నిజమే. "వచ్చేయి, ఆ పూటే అందరం తినేసేం కదక్కా. రెండు ముక్కలు నువ్వూ ఏసుకున్నావు" అన్నాను.

"తిన్నవి తిన్నాం. దాసినవో?"

ఆ ఒక్క మాటతో నేను దొంగనైపోయాను. కంపు కొట్టిన మాటా నిజమే, అది కూరగాయల పెట్టెలో చేరిన నీళ్ళలో కుళ్ళిన కొత్తిమీరకట్టది. పెట్టె లాగి చూపించాను. కాని ముక్కు ఒకసారి నీసని తీర్పు చెప్పేశాక కళ్ళకి అప్పీలు ఉండదు. ఆవిడ పసుపునీళ్ళు చల్లింది, మళ్ళీ తలకి పోసుకుంది, గది మళ్ళీ కడిగింది, ఇంత చేసీ ఆ రోజల్లా పచ్చిగంగ ముట్టలేదు. నేను గోనెగుడ్డ పట్టుకుని నేల తుడిచాను. ఆ తరవాత ఆదివారమూ నీళ్ళు వచ్చాయి, సోమవారమూ వచ్చాయి, వారమంతా వచ్చాయి, రోజూ నేనే తుడిచాను. కాని మా ఇంటి చరిత్రలో శనివారం నీళ్ళే నమోదయ్యాయి. దీనికి తోడు ఫ్రిజ్జు తలుపు ఒక కొత్త విద్య నేర్చుకుంది. వేసి అటు తిరిగేసరికి దానంతటది నెమ్మదిగా, ఎవరో లోపలి నుంచి తోసినట్టు తెరుచుకునేది. తలుపు వెయ్యడం కూడా పుట్టింట్లో నేర్పలేదా అన్న మాట అందువల్ల పడింది.

బాగుచేయించడానికి బావగారు ప్రయత్నాలు చెయ్యకపోలేదు. గ్యాసు పోయిందని ఒకాయన వచ్చి నింపి వెళ్ళాడు. దాంతో మంచు రెట్టింపు గడ్డకట్టి నీళ్ళూ రెట్టింపు కారాయి. రబ్బరు పోయిందని ఇంకొకాయన వచ్చి కొత్తది బిగించాడు. తలుపు ఆ కొత్త రబ్బరుతో సహా తెరుచుకుంది. ఇద్దరూ కుచ్చుల తెర వెనక్కి తొంగిచూడలేదు, ఇంటి ఆడవాళ్ళు కట్టిన పట్టు అంచుని కదపడం మర్యాద కాదనుకున్నారో ఏమో. మా ఆయన ఫ్రిజ్జుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఆమూలాగ్రం చదివి, మంచు కరిగితే నీరవుతుందని మాకు తెలియజేశారు. మామగారు మాత్రం ఈ గొడవ జరుగుతున్నంతసేపూ పడకకుర్చీలో కాఫీ గ్లాసు పట్టుకుని, పెదవి విప్పకుండా, ఏదో తృప్తిగా నేలకేసి చూస్తూ ఉండేవారు. పెద్దాయన, ఆడవాళ్ళ తగువుల్లో తలదూర్చరు, అదీ గొప్పతనమే అనుకునేదాన్ని.

చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. శుక్రవారం సాయంత్రం ఫ్రిజ్జు మొత్తం ఖాళీ చేసి, అందరి ఎదురుగా పసుపునీళ్ళతో కడిగి, పాలూ పెరుగూ తమలపాకులూ తప్ప ఏమీ పెట్టకుండా తాళం వేసి, తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని, ఆ ముడిని నడుంలో దోపుకుని పడుకుంది. పొద్దున్న లేచేసరికి పాయ యథాప్రకారం దేవుడి గుమ్మంలో ఉంది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, తుడవడం మానేసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వచ్చి నీళ్ళు చూసింది, ముడి విప్పి తాళంచెవి చూసింది, తాళం చూసింది, ఆఖరున నన్ను చూసింది.

"మారుతాళం సేయించేసేవన్నమాట."

తాళానికి మారుతాళం ఉంటుంది గాని ఇలాంటి మనసుకి ఎక్కడని చేయిస్తాం. నా గొంతూ లేచింది, ఆవిడ గొంతూ లేచింది, పక్కింటివాళ్ళు గోడ మీదికి లేచారు. అప్పుడు ఆవిడ ఇల్లంతా వినేలాగ తేల్చి చెప్పింది.

"పై శనివారం ఉప్మాక ఎల్దాం. సోమి ముందు కర్పూరం ఆర్పి సెప్పు, నాను శనివారం ఫ్రిజ్జులో నీసు ఎట్టనేదని. ఆర్పేవా, నీ కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకుంటాను. ఆర్పవా, నీ పొయ్యి పెరట్లో ఎట్టుకో."

మా వైపు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెప్పడమంటే తేలిక సంగతి కాదు. అబద్ధమాడి ఆర్పితే దేవుడు ఊరుకోడని నమ్మకం. నిజమే చెప్పి ఆర్పినా ఊరు ఊరుకోదన్నది అనుభవం. ఫలానా వారి చిన్నకోడలు కర్పూరం ఆర్పిందట అన్నంతవరకే నలుగురి నోళ్ళలో నిలుస్తుంది, ఎందుకు ఆర్పింది, తరవాత ఏం తేలింది అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఆర్పితే బతుకంతా ప్రమాణం చేసిన మనిషిని. ఆర్పకపోతే దొంగని, పెరట్లో పొయ్యి. ఈ రెండింటికీ మధ్య నాకు నిలబడే చోటు లేకుండా పోయింది. అత్తగారు నా గడ్డం పట్టుకున్నారు. "ఆర్పేయే తల్లీ, సిటికెలో పని. ఇల్లు ఒకటిగా ఉంటాది" అన్నారు. మా ఆయన, అరచెయ్యి కాస్త తడిచేసుకుంటే కాలదని శాస్త్రీయంగా వివరించబోయారు. ఆయనతో నేను మాటలు మానేశాను.

ఆ వారం మధ్యలో, రోజూలాగే వంగి తుడుస్తూ ఉంటే కుచ్చుల తెర మరీ నానిపోయి కంపు కొడుతోంది, ఉతుకుదామని విప్పాను. విప్పితే, ఇనపస్టాండు వెనక కాళ్ళ కింద రెండు చెక్కముక్కలు కనిపించాయి. పాత గుమ్మం నుంచి కోసిన మందపాటి టేకు ముక్కలు, కొలిచి కోసి, చక్కగా చిత్రిక పట్టి మరీ పెట్టినవి. వెనక కాళ్ళు రెండూ లేచి ఉన్నాయి. ఫ్రిజ్జు ముందుకి, దేవుడిగది కేసి, దణ్ణం పెడుతున్నట్టు వంగి ఉంది.

పడకకుర్చీలో ఉన్న మామగారిని, ఈ చెక్కలు ఎవరు పెట్టారు మావయ్యా అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి ఇంట్లో ఒకరు తన పనిని గుర్తించారన్నమాట.

"నానే ఎట్టేనమ్మా. పెద్ద బరువు కదేటి, నైరుతి ఎత్తుగుండాల. ఎట్టిన కాణ్ణుంచి సూడు, నీరు ఎంత సక్కగా ఈశాన్యానికి ఎల్తందో! ఎవురింట్లో ఎల్తాదలాగ? రోజూ పొద్దున్నే సూత్తన్నాను, మనసు నిండిపోతంది."

ఆయన నేలకేసి తృప్తిగా చూసింది ఆ నీటినన్నమాట. "మరి ఆ నీళ్ళ గురించే కదా మావయ్యా, అక్క నన్ను కర్పూరం ఆర్పమంటంది" అన్నాను.

"అదా? ఆడోళ్ళ గొడవలు నాకేటి తెలుత్తాయమ్మా" అని ఆయన కాఫీ తాగేశారు.

ఆయన బజారుకి వెళ్ళాక మా ఆయన్ని పిలిచాను. మాటలు లేవు గనక వేలితో చూపించాను. లెక్కల మాస్టారు కదా, చూడగానే లెక్క తేలిపోయింది. మంచు కరిగిన నీళ్ళు వెనక్కి దిగి, వెనక ఉన్న పళ్ళెంలో పడాలి. ఫ్రిజ్జు ముందుకి వాలడం వల్ల అవి ముందుకొచ్చి తలుపు కింద నుంచి కారుతున్నాయి. తలుపు తనంతట తాను తెరుచుకుంటోందీ ఆ వాలు వల్లే. తెరుచుకున్న తలుపులోంచి మన ఉక్కగాలి లోపలికి పోయి మంచు పెరుగుతోంది, మంచు పెరిగిన కొద్దీ నీళ్ళూ పెరుగుతున్నాయి. ఇద్దరం ఫ్రిజ్జు ఎత్తి చెక్కలు లాగేశాం. తలుపు ఠక్కుమని మూసుకుంది. మర్నాడు నేల పొడిగా ఉంది. నేను తెర ఉతికి ఆరేసుకుని, ఇవాళో రేపో మా తోడికోడలు తప్పు ఒప్పుకోడానికి నా దగ్గరికి వస్తుందని ఎదురుచూశాను.

ఆవిడ శుక్రవారం పొద్దున్నే నలుగురిలోకీ వచ్చింది. "సూసేరా? కర్పూరం అనీసరికి నీసు ఆగింది. నీసు ఆగింది, నీళ్ళు ఆగేయి. ఇంకేటి కావాల?"

నేను వెళ్ళి చెక్కలు పట్టుకొచ్చాను. బావగారూ అత్తగారూ చూస్తుండగా మా ఆయన ఫ్రిజ్జు ఎత్తితే నేను వెనక కాళ్ళ కింద దోపాను. తాళం వేసి చెవి ఆవిడ చేతికిచ్చి, మారుతాళం ఉందంటున్నావు కదా, సాయంత్రం దాకా నువ్వు ఈ ఫ్రిజ్జు ముందే కూర్చో అక్కా అన్నాను. కూర్చుంది కూడా. పీట వేసుకుని, బియ్యం ఏరుతూ, కన్నార్పకుండా కూర్చుంది. దీపాలవేళకి తలుపు కింద మొదటి చుక్క నిలిచింది, ఇంకో చుక్క దానితో కలిసింది, కలిసి రెండూ నడక మొదలెట్టాయి. బావగారు తల గోక్కున్నారు. ఆ నిమిషంలో ఆవిడ పొరపాటైందని ఒక్క మాట అని ఉంటే, అక్కడే కాళ్ళకి దణ్ణం పెట్టి ఉండేదాన్ని.

సరిగ్గా అప్పుడే మామగారు లోపలి నుంచి వచ్చారు. "వచ్చేసింది! నిన్నేటో ఎండిపోయింది, ఇల్లు పాడైపోద్దని అడిలిపోయేను" అన్నారు. చెక్కలు తీయడం వల్ల ఎండిందని అత్తగారు చెప్పగానే ఆయన మొహం మారిపోయింది.

"ఎవుర్తీసేరు? నాను బతికుండగానే ఈశాన్యం ఎండగట్టేత్తారేటి?"

"అడగండి మావయ్యా" అని మా తోడికోడలు పీట మీంచి లేచింది. ఆ లేవడంలోనే ఆవిడకి పోయిన బలమంతా తిరిగొచ్చేసింది. "మీరు ఎట్టిన వాస్తుకి వంకలెడతంది. తన తప్పు కప్పుకోడానికి పెద్దోళ్ళని కూడా ఒదలడం నేదు."

నా మీద ఉన్న నింద పోలేదు. ఉన్నదాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. చెక్కలు తీయడానికి వీల్లేదని మామగారు తీర్పిచ్చారు. మరి నీళ్ళు ఎందుకొస్తున్నాయో తెలిసిపోయింది కదా, ఇంకా ఉప్మాక ఎందుకు అని బావగారు పాపం మెల్లగా గొణిగారు. "జీపు మాటాడేసేం కదా" అంది ఆవిడ. "నిజమే అయితే ఆర్పితే నష్టమేటంట?"

అలా శనివారం అందరం జీపెక్కాం. మా ఆయన ఎవరి పక్కన కూర్చుంటే ఏమొస్తుందోనని డ్రైవరు పక్కన కూర్చున్నారు. దర్శనం అయ్యాక ఆవిడ తమలపాకులో కర్పూరం బిళ్ళ పెట్టి, వెలిగించి, నా ముందు పట్టుకుని నిలబడింది. వచ్చేపోయేవాళ్ళు నడక ఆపి చూస్తున్నారు. అత్తగారు వెనక నుంచి నా మోచెయ్యి పొడుస్తున్నారు. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

"నిజం నిన్న సాయంత్రం నీ కళ్ళముందే నేల మీద పారిందక్కా. అక్కడ నమ్మనిదానివి నా చేతిలో ఏటి సూత్తావు?"

"ఆర్పవన్నమాట."

"ఆర్పను."

కర్పూరం దానంతటది ఆఖరిదాకా కాలింది. ఆకు నల్లబడి ముడుచుకుపోయింది, ఆవిడ వేలు చురుక్కుమని ఉంటుంది కూడా, అయినా వదల్లేదు. ఆ రోజు సాయంత్రమే పెరట్లో రేకుల కింద నా పొయ్యి పెట్టుకున్నాను. నన్ను ఎవరూ పంపలేదు, నేనే గిన్నెలు మోసుకెళ్ళాను. అదొక్కటే ఆ తగువులో నాకు దక్కింది.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు మండాయి. ఫ్రిజ్జు నైరుతిలోనే, చెక్కల మీదే, ఈశాన్యానికి దణ్ణం పెడుతూ ఉండిపోయింది. పాయని అత్తగారు తుడిచేవారు. నాకు అడిగేవాళ్ళు లేరు గనక వారమంతా నా ఇష్టం వచ్చిన చేప వండాను, వాసన హాలు దాకా వెళ్ళేలాగ మూత తీసే వండాను. శనివారం మాత్రం ముట్టలేదు. భక్తి అనుకునేరు, కానే కాదు. నేను శనివారం తిన్నానని అనే వీలు ఆవిడకి జన్మలో దొరక్కూడదని. ఆవిడా పట్టు వదల్లేదు. ప్రతి శనివారం బట్టలారేసే వంకతో పెరట్లోకి వచ్చి గాలి పీల్చేది. "ఏటి వండేవే?" అని అడిగేది. "తోటకూర. రా, మూకుడెత్తి సూడు" అనేదాన్ని. నిజంగానే వచ్చి ఎత్తి చూసేది. చూసి, ఉప్పు ఎక్కువేసుంటావని ఒక మాట అనేసి పోయేది. ఇద్దరికీ పండగ, ఆ వారానికది చాలు.

మామగారు పోయారు, ఆయన వెనకే అత్తగారు. ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టి వాళ్ళ వాస్తు వాళ్ళు కట్టుకున్నారు. మేము ఈ అపార్టుమెంటుకి వచ్చాం, బావగారివాళ్ళు ఊరి అవతల కొడుకు కట్టుకున్న ఇంటికి వెళ్ళారు. పెళ్ళిళ్ళలో కనబడితే ఆవిడ ఒక వరసలో, నేను ఒక వరసలో కూర్చునేవాళ్ళం.

ఆ మధ్య ఆవిడ మోకాళ్ళు పట్టేసి మంచం దిగడం లేదని తెలిసి, మా ఆయన పోరితే చూడ్డానికి వెళ్ళాను. బయల్దేరేటప్పుడు తోచలేదు గాని ఆ రోజు శనివారం. ఆవిడ హాల్లో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది, మొహాన నామం మాత్రం చెరక్కుండా ఉంది. నాకు మంచినీళ్ళు ఇవ్వడానికి ఆవిడ కోడలు రెండు తలుపుల ఫ్రిజ్జు తెరిచింది. నిలువెత్తు వెలుగులో అరలన్నీ కనబడ్డాయి. ఒక అరలో కొబ్బరిచిప్పలూ తులసీ, దాని కింద అరలోనే ఉప్పూకారం పట్టించిన రొయ్యలు గాజుగిన్నెలో, మూతైనా లేకుండా. కోడలు మామూలుగా సీసా తీసుకుని తలుపు వేసింది. నేను చూడడం ఆవిడ చూసింది.

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన నిమిషం అది. శనివారం కదక్కా అన్న మాట నాలిక చివరికి వచ్చేసింది. ఆవిడ దుప్పటి సర్దుకుని, నాకేసి చూడకుండా, "పిల్లలు తింతారు. నానేటి సెప్పనూ" అంది.

"తిననీ అక్కా" అన్నాను.

అంతే. ఏ నియమం కోసం ఒక ఇల్లు రెండు పొయ్యిలైందో ఆ నియమం, ఎవరూ కాదనకుండానే, ఎవరూ ఎదిరించకుండానే, ఎప్పుడో చప్పుడు లేకుండా పోయింది. దానికి కర్పూరం ఆర్పమన్నవాళ్ళు లేరు, ఆర్పనన్నవాళ్ళూ లేరు. ఆ ఇంట్లో వాళ్ళందరూ ఒకరితో ఒకరు ఎంతో మర్యాదగా ఉన్నారు. ఒకరు ఏం తింటున్నారో ఇంకొకరికి పట్టదు గనక వాళ్ళ మధ్య గొడవ రావడానికి వీల్లేదు. మా ఇంట్లోనూ అంతే, మా అపార్టుమెంటు గ్రూపులోనూ అంతే. ఊరంతట్లో శనివారం నీసు ముట్టనివాళ్ళు ఇంకా ఉన్నారంటే, అందులో దేవుడి మీద భక్తితో ఆవిడ ఒకర్తి, ఆవిడ మీద కక్షతో నేను ఒకర్తిని.

మోకాళ్ళకి ఏ నూనె రాస్తున్నారని అడిగాను, చెప్పింది. పిల్లల చదువుల సంగతి ఆవిడ అడిగింది, చెప్పాను. ఆ తరవాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఆవిడ ఒక్క మాట విసిరి ఉంటే నేనూ ఒకటి విసిరి ఉండేదాన్ని, పొద్దు తెలియకుండా పోయి ఉండేది. పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు గనక, మంచినీళ్ళు తాగేసి లేచి వచ్చేశాను.